వద్దన్న ముద్ద

ఉదయం ఏడున్నర అయ్యేసరికి మా శ్రీనగర్ కాలనీ సందులోకి ఆకుకూరల బండి వస్తుంది. ‘తోటకూరా... పాలకూరా... గోంగూరా...’ అంటూ బండావిడ రాగం తీస్తుంది. మా ఆవిడ బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దించుతుంది. నేను మాత్రం మెట్లు దిగి వెళ్తాను. తోటకూర కట్ట చేతిలోకి తీసుకుని ఆకుల్ని అటూ ఇటూ తిప్పి చూస్తాను.

‘‘లేత కూరే సారూ, గంతగనం ఏం జూస్తున్నరు?’’ అంటుంది బండావిడ.

నేను చూసేది లేతా ముదరా అని కాదు. ఆ ఆకుని చూస్తే దానికున్న ఇంకో పేరు గుర్తొస్తుంది... లెంగలెంగ. ఆ పేరు నేర్చుకున్నది ఇక్కడికి దాదాపు ఆరు వేల కిలోమీటర్ల దూరంలో, ఆఫ్రికా ఖండం మధ్యలో ఉన్న కాంగోలో. ఐక్యరాజ్య సమితి శాంతి దళంలో భాగంగా 2008లో అక్కడికి వెళ్ళి ఏడాది ఉన్నాను. రాత్రిళ్ళు ఎర్రగా వెలిగే అగ్నిపర్వతాన్ని చూశాను, సముద్రంలాంటి సరస్సుని చూశాను, నెత్తిన చాపతో ఊళ్ళు వదిలి పారిపోయే జనాన్నీ చూశాను. కానీ అన్నిటికంటే ఎక్కువగా గుర్తున్నది నేను వద్దన్న ఒక ముద్ద.

ఏ శ్రీనగర్?

నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేశాను. తుపాకీ పట్టుకుని కాపలా కాసేవాడికి వేళకి బియ్యం, పప్పు, పిండి, పెట్రోలు చేర్చే విభాగం మాది. కాంగో వెళ్ళేనాటికి నాయబ్ సుబేదార్‌ని. మా ఊరు అప్పటి తూర్పు గోదావరిలో పెద్దాపురం పక్కన మెట్ట పల్లె. పిల్లల చదువుల కోసం మా ఆవిడ అప్పటికే హైదరాబాద్ వచ్చి శ్రీనగర్ కాలనీలో రెండు గదులు అద్దెకి తీసుకుంది. పెద్దాడికి అమీర్‌పేటలో కోచింగు. ఎల్లారెడ్డిగూడలో వాళ్ళ అన్నయ్య ఇల్లు. అలా మేం ఈ కాలనీ వాళ్ళమయ్యాం.

క్యాంపులో ఎవరైనా ఇల్లెక్కడని అడిగితే ‘శ్రీనగర్’ అనేవాణ్ణి. అంతే, అవతలివాడి మొహం మారిపోయేది. సిపాయికి శ్రీనగర్ అంటే ఒకటే... మంచు, బంకరు, రాత్రి కాపలా. ‘‘అక్కడా సాబ్, మీ పిల్లలుండేది?’’ అని జాలిపడేవాళ్ళు. ‘‘మా శ్రీనగర్‌లో మంచు పడదు బాబూ, వెంకటేశ్వరస్వామి గుడీ సత్యసాయి నిగమాగమం ఉంటాయి’’ అని ప్రతిసారీ వివరించాల్సొచ్చేది.

ఆదివారం ఫోను. అక్కడి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. నేను టిఫిను తిని ఫోను చేస్తే ఇక్కడ మధ్యాహ్నం భోజనాలవుతుండేవి. ‘‘తిన్నారా? ఏం తిన్నారు?’’ మా ఆవిడ మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే. యుద్ధం గురించి అడిగేది కాదు. అడిగితే నేను అబద్ధం చెబుతానని తనకి తెలుసు.

కాంగోలో మన సైన్యం అడుగుపెట్టడం అదే మొదలు కాదు. 1961 డిసెంబరు 5న కటాంగా ప్రాంతంలోని ఎలిజబెత్‌విల్‌లో పోరాడుతూ ప్రాణాలిచ్చిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకి పరమవీరచక్ర వచ్చింది. ఐరాస దళంలో పనిచేస్తూ ఆ పతకం పొందింది ఆయనొక్కరే. ఇన్నేళ్ళలో శాంతి దళాల్లోకి మన దేశం నుంచి రెండున్నర లక్షల మందికి పైగా వెళ్ళారు. 170 మందికి పైగా తిరిగి రాలేదు. మేం వెళ్ళేనాటికి తూర్పు కాంగోలోని ఉత్తర కివూ రాష్ట్రంలో మన బ్రిగేడే ఉంది. దాని కేంద్రం గోమా. మన సైనిక డాక్టర్లు 2005 నుంచి అక్కడ ఆసుపత్రి కూడా నడుపుతున్నారు.

నల్లరాతి మీద లంగర్

గోమా ఊరంతా నల్లరాయి. 2002 జనవరిలో నైరాగోంగో అగ్నిపర్వతం బద్దలై లావా ఊరి మధ్యనుంచి సరస్సులోకి పారింది. చల్లారిన ఆ లావాని పగలగొట్టి గోడలు కట్టుకున్నారు. ఆ రాళ్ళ మీదే నడక, ఆ రాళ్ళ మీదే సంత. చెక్కతో చేసిన పెద్ద స్కూటర్లాంటి బండి ఉంటుంది, దాన్ని ‘చుకుడు’ అంటారు. దాని మీద బస్తాలు వేసుకుని కుర్రాళ్ళు వాలులో జర్రున జారిపోతుంటే మా డ్రైవర్లకి గుండెలు ఆగేవి.

ఆ రాళ్ళ మధ్య మా క్యాంపు. అందులో మా లంగర్... అదే, మా వంటశాల. మా రేషను ఎక్కడెక్కడి నుంచో వచ్చేది. గడ్డకట్టిన కోళ్ళు కంటైనర్లలో, నీళ్ళు సీసాల్లో. రాజ్మా, రోటీ, పప్పు, అన్నం. ఆఫ్రికా నడిమధ్యలో కూర్చుని అచ్చంగా అంబాలా కంటోన్మెంటు భోజనం చేసేవాళ్ళం. తెలుగువాళ్ళం నలుగురైదుగురం ఉండేవాళ్ళం. కిట్ పెట్టెలో నాలుగు పాలిథిన్ కవర్లలో చుట్టి తెచ్చుకున్న ఆవకాయ సీసా మాకు నిధి. వారానికి ఒక ముక్క. రసం నాకిన టెంకని కూడా పారెయ్యబుద్ధయ్యేది కాదు.

బయటి తిండి ముట్టుకోకూడదని మా యూనిట్ ఆర్డరు. అందులో తప్పు పట్టడానికేం లేదు. 1994లో రువాండా మారణకాండ తర్వాత గోమాకి లక్షల్లో శరణార్థులు వస్తే వాళ్ళలో వేల మంది కలరాతో పోయారు. ఒక గిన్నె తేడా చేస్తే ప్లాటూన్ మొత్తం పడకేస్తుంది. రేషను చూసేవాడిగా ఆ ఆర్డరుని కుర్రాళ్ళకి చదివి వినిపించేది నేనే.

కాబట్టి కివూ సరస్సు చేపల్ని నేను వాసనతోనే తిన్నాను. సాయంత్రమయ్యేసరికి జాలర్లు మూడేసి పడవల్ని కలిపి కట్టుకుని, దీపాలు పెట్టుకుని, పాడుకుంటూ సరస్సులోకి పోయేవాళ్ళు. తెల్లారి గంపల నిండా వేలెడంత వెండి చేపలు... ‘సంబాజా’. వాటిని రోడ్డు పక్కన కరకరలాడేలా వేయిస్తుంటే మా కాకినాడ నెత్తళ్ళ వేపుడే. విజయనగరం కుర్రాడొకడు జీపులోంచి తల బయటపెట్టి, ‘‘సార్, గాలి పీల్చుకోడానికి ఆర్డరు అక్కర్లేదు గదండీ’’ అనేవాడు.

పాపా, మామా

రుచురు అని గోమాకి ఉత్తరాన 70 కిలోమీటర్ల దూరంలో ఒక పట్టణం. ఆ చుట్టుపక్కల పల్లెల్లో సంత రోజున మా వాళ్ళ గస్తీ ఉండేది. దారిలో సాయుధ ముఠాలు. ఆడవాళ్ళు సంతకి రావాలన్నా, కట్టెలకి వెళ్ళాలన్నా వెంట ఎవరో ఒకరు ఉండాలి. అక్కడున్న కంపెనీకి సామాను చేర్చడానికి వెళ్ళినప్పుడల్లా నేనూ ఆ గస్తీతో సంతలో నిలబడేవాణ్ణి.

మొదటిరోజు ఆ సంత చూసి తెల్లబోయాను. కుప్పలు కుప్పలుగా తోటకూర! విజయనగరం కుర్రాడు నా చెయ్యి పట్టుకుని గుంజాడు. ‘‘సార్, ఇది మన తోటకూరే గదండీ!’’ అదే లెంగలెంగ. ఉల్లిపాయ, టమాటా, ఎర్రటి పామాయిలు వేసి వండుతారని మా దుబాసీ చెప్పాడు. పక్కనే చిక్కుడు గింజలు, అరటికాయలు, పచ్చిమిర్చి. మిరపని వాళ్ళు ‘పిలిపిలి’ అంటారు. మన పిప్పలి నుంచే పర్షియా, అరబ్బు దేశాల మీదుగా ఆ మాట అక్కడికి చేరింది. కొట్టుని ‘దుకా’ అంటారు. చపాతీని చపాతీ అనే అంటారు. టీని ‘చాయ్’ అంటారు. ఇంత దూరం వచ్చి ఇదేమిట్రా అనిపించింది.

ఆ సంత చివర, ఒక చెట్టు కింద ఒకావిడ కూర్చునేది. యాభై దాటుంటాయి. ముందు తోటకూర కట్టలు, పక్కన మూత పెట్టిన గిన్నె. అక్కడ పెద్దవాళ్ళయిన మగవాళ్ళని ‘పాపా’ అని, ఆడవాళ్ళని ‘మామా’ అని గౌరవంగా పిలుస్తారు. పాపా అంటే నాన్న, మామా అంటే అమ్మ. మీసాలున్న నన్ను ‘పాపా’ అని ఆవిడ, ఆవిడని ‘మామా’ అని నేను. మా తెలుగు కుర్రాళ్ళకి నవ్వాగేది కాదు. ‘‘మన సార్‌కి కాంగోలో మేనమామ దొరికాడ్రోయ్’’ అని క్యాంపంతా చాటారు.

నాలుగైదు సంతల పాటు పలకరింపులే. ఒకరోజు ఆవిడ గిన్నె మూత తీసి, అరిటాకు ముక్కలో తెల్లటి ముద్ద పెట్టి, పక్కన ముదురాకుపచ్చని కూర వేసి రెండు చేతులతో నాకు చాపింది. ‘‘కరీబు, పాపా’’ అంది. అంటే రా, తిను అని.

ఆ ముద్ద బుగాలి, ఆ కూర సోంబే. రెండూ ఒకే మొక్కవి. దుంపని మూడు నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, దంచిన పిండిని మరిగే నీళ్ళలో వేసి గట్టిగా తిప్పితే బుగాలి. ఆకుని రోట్లో దంచి, గంటకి పైగా ఉడకబెడితే సోంబే. అంత నానబెట్టడం, అంత ఉడికించడం ఎందుకంటే ఆ మొక్కలో విషముంది. సరిగ్గా చెయ్యకపోతే సయనైడు. ఆ మొక్కని వాళ్ళు ‘ముహోగో’ అంటారు. మనం కర్రపెండలం అంటాం.

నేను కడుపు మీద చెయ్యి పెట్టి, నిండుగా ఉందన్నట్టు సైగ చేసి, ‘‘వద్దు మామా’’ అన్నాను. ఆవిడ ఏదో అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. దుబాసీ కొంచెం మొహమాటపడి చెప్పాడు: ‘‘విషమేం లేదు, కావాలంటే ముందు నేను తింటాను అంటోంది.’’ అని, ఆవిడ నిజంగానే ఆ ముద్దలోంచి ఒక చిటికెడు తుంచి నోట్లో వేసుకుంది. మళ్ళీ చాపింది.

నేను మళ్ళీ తల అడ్డంగా తిప్పాను. ఆవిడ నవ్వు ఆపి, అరిటాకు మడిచి గిన్నెలో పెట్టేసుకుంది.

ఆ ఆదివారం ఫోనులో మా ఆవిడ ‘‘ఏం తిన్నారు?’’ అనడిగితే, ‘‘రాజ్మా’’ అన్నాను. ఇంకేం చెప్పలేదు.

ఆర్డరు వల్ల కాదు

ఇన్నాళ్ళూ ఎవరడిగినా ఆర్డరు అడ్డొచ్చిందనే చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఇక్కడ చెబుతున్నాను.

మా మెట్ట ప్రాంతంలో కర్రపెండలం విరివిగా పండుతుంది. సామర్లకోట, పెద్దాపురం చుట్టూ ఉన్న మిల్లులు దాన్ని కొని సగ్గుబియ్యం, గంజిపొడి చేస్తాయి. మా నాన్నకి పొలం లేదు. దుంప తవ్వే రోజుల్లో అమ్మా నాన్నా కూలికి వెళ్ళేవాళ్ళు. లారీకెత్తగా మట్టిలో మిగిలిన విరుగుముక్కల్ని అమ్మ చెంగులో మూటకట్టి తెచ్చేది. ఉప్పూ పసుపూ వేసి ఉడికించేది. కూలి దొరకని రోజుల్లో అదే పొద్దుటి తిండి, అదే రాత్రి తిండి. ‘‘బళ్ళో ఎవరైనా ఏం తిన్నావురా అంటే అన్నమని చెప్పు నాన్నా’’ అనేది. 1985లో సైన్యంలో చేరి బెంగళూరు ట్రైనింగులో మొదటిరోజు పళ్ళెం నిండా అన్నం చూసినప్పుడు అనుకున్నాను... ఇక జన్మలో ఆ దుంప ముట్టను.

ఇరవై మూడేళ్ళ తర్వాత, ఐరాస నీలి టోపీ పెట్టుకుని, భుజాన రెండు చుక్కలూ లేకపోయినా ఉన్నంత దర్జాగా ఆ సంతలో నిలబడి ఉంటే, నేను తప్పించుకొచ్చిన ఆ తిండే అరిటాకులో నా ముందుకొచ్చింది. చుట్టూ నా కింద పనిచేసే కుర్రాళ్ళు. వాళ్ళ ముందు ఆ ముద్ద తింటే నేనెవరో తెలిసిపోతుందనిపించింది. వద్దన్నది కడుపు కాదు, సిగ్గు.

తిండి దగ్గర సిపాయి మొండితనం కొత్తదేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇరాక్‌లోని కూట్‌లో తుర్కీ సైన్యం 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ దాకా మన దళాలని ముట్టడించినప్పుడు తిండి అయిపోయి గుర్రాలని కోయాల్సొచ్చింది. మత పెద్దలు ఫర్వాలేదని చెప్పినా ఎందరో భారతీయ సిపాయిలు చాలా రోజులు ఆ మాంసం ముట్టక ఎండిపోయారు. వాళ్ళది నమ్మకం. ప్రాణానికి పణంగా పెట్టారు. నాదేముంది?

పైగా తర్వాత తీరిగ్గా చదువుకుంటే తెలిసింది, మన కంచంలో ఆఫ్రికా ఎంతుందో. రాగులు పుట్టింది తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల్లో. జొన్నలు ఆ ఖండానివే, బొబ్బర్లూ ఆ ఖండానివే. మనం లేకపోతే బతకలేమనుకునే చింతపండు చెట్టు కూడా అక్కడిదే. ఇక కర్రపెండలం వాళ్ళదీ కాదు, మనదీ కాదు. దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చి అక్కడా ఇక్కడా దించిపోయిన దుంప. ఆకలి ఎక్కడుంటే అక్కడ వేళ్ళూనుకుంది.

ఖాళీ సంత

2008 అక్టోబరు చివర తిరుగుబాటు దళం రుచురుని పట్టుకుంది. గోమా పొలిమేరల దాకా వచ్చేసింది. రోడ్డు నిండా జనం. నెత్తిన చాపలు, వీపున పిల్లలు, చేతిలో కోడి. కొన్ని వారాల తర్వాత సామాను బళ్ళతో మళ్ళీ ఆ దారిన వెళితే, సంత జరిగే చోట ఎవరూ లేరు. చెట్టుంది. దాని కింద చదునైన నేలుంది. కొంచెం అవతల వాగులో, రాళ్ళతో అడ్డుకట్ట వేసి నానబెట్టిన దుంపలు అలాగే ఉన్నాయి. నానబెట్టినవాళ్ళు తీసుకోకుండానే పోయారు. కుళ్ళి పుల్లటి కంపు కొడుతున్నాయి.

దుబాసీ అన్నాడు: ‘‘యుద్ధం ఉన్నచోట అందరూ ఇదే వేస్తారు సాబ్. ధాన్యమైతే గాదెలోంచి ఎత్తుకుపోతారు, తగలబెడతారు. ఇదైతే ఏడాదైనా భూమిలో దాగి ఉంటుంది. చేదు దుంపని పీకినా నానబెట్టే తీరిక తుపాకీవాడికి ఉండదు. పారిపోయినవాడు తిరిగొస్తే మళ్ళీ బతకొచ్చు.’’

తిరిగొస్తే. రుచురు పక్కనే ఉన్న కివాంజాలో నవంబరు 4, 5 తేదీల్లో 150 మంది దాకా పౌరుల్ని చంపేశారని హ్యూమన్ రైట్స్ వాచ్ తర్వాత బయటపెట్టింది. శాంతి దళం క్యాంపు అక్కడికి పెద్ద దూరం కాదు. ఎందుకు ఆపలేకపోయారన్న ప్రశ్న ప్రపంచమంతా అడిగింది. వేల మందికి కొద్ది మంది కాపలా, ఎక్కడ చూసినా అడవి, చీకటి... జవాబులు చాలా ఉన్నాయి. అవి మాకే సరిపోలేదు. కాపాడగలిగినవాళ్ళని కాపాడాం. అందరినీ కాపాడలేదు.

గోమాకి దగ్గర్లో నైరాగోంగో కొండ కింద కిబాటీ అనే చోట వేల గుడిసెలు లేచాయి. చెట్ల కొమ్మలు వంచి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పిన గూళ్ళు. నీళ్ళ ట్యాంకర్లకి రక్షణగా వెళ్ళినప్పుడల్లా ఆవిడ కోసం చూసేవాణ్ణి. దుబాసీ చేత అడిగించాను. ‘‘పేరేంటి?’’ అని ఎదురడిగారు. నాకు తెలీదు. తోటకూర అమ్మే ఆవిడ అన్నాను. అక్కడున్న ప్రతి ఆడమనిషీ ఎప్పుడో ఒకప్పుడు తోటకూర అమ్మినదే. నాలుగైదు వారాలు మామా అని పిలిచాను గానీ పేరు అడగాలని తట్టలేదు.

ఆ గుడిసెల మధ్య ఒక ముసలాయన మూడు రాళ్ళ పొయ్యి మీద దుంప ఉడికించుకుంటున్నాడు. తియ్య దుంప, నానబెట్టక్కర్లేనిది, మా ఊళ్ళో రకమే. నేను నిలబడి చూస్తుంటే ఒక ముక్క విరిచి ఇచ్చాడు. పక్కన విజయనగరం కుర్రాడున్నాడు. ఆర్డరు చదివి వినిపించినవాణ్ణి నేనే. అయినా తీసుకుని తిన్నాను. ఉప్పు లేదు. ఉప్పు కొనే స్థితిలో ఆయన లేడు. మిగతా అంతా అదే... ఆ మెత్తదనం, మధ్యలో ఆ పీచు, గొంతుకి అడ్డం పడే ఆ పొడి. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. ‘‘అసంతే’’ అన్నాను. కృతజ్ఞతకి నాకు తెలిసిన మాట అదొక్కటే. ఆయన ఏమీ అనలేదు. పక్కకి జరిగి రాతి మీద చోటిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో కుర్రాడికి చెప్పాను, మేం చిన్నప్పుడు తిన్నది ఇదేనని. వాడు కాసేపు ఊరుకుని, ‘‘మేం అంబలి తాగి పెరిగాం సార్’’ అన్నాడు. ఇద్దరం గోమా వచ్చేదాకా ఇంకేం మాట్లాడుకోలేదు.

మళ్ళీ గోమా

2009 మార్చి 23న కాంగో ప్రభుత్వానికీ ఆ తిరుగుబాటుదారులకీ ఒప్పందం కుదిరింది. మేం అక్కడే ఉన్నాం. ఇక శాంతే అనుకున్నాం. ఆ ఒప్పందం అమలు కాలేదంటూ 2012లో మళ్ళీ తుపాకులు ఎత్తినవాళ్ళు ఆ తేదీనే పేరుగా పెట్టుకున్నారు... ఎం23. ఆ ఏడాది నవంబరులో గోమాని పట్టుకుని కొద్దిరోజులకి వదిలారు. 2025 జనవరిలో మళ్ళీ పట్టుకున్నారు. ఊరి చుట్టూ ఉన్న శిబిరాలు ఖాళీ అయ్యాయి. ఇక్కడ హాల్లో కూర్చుని టీవీలో ఆ నల్లరాతి రోడ్డు చూశాను. నెత్తిన చాపలు, వీపున పిల్లలు. ప్రతి మొహాన్నీ వెతికాను. ఆవిడుంటే ఇప్పుడు డెబ్భై దాటుంటాయి. వెతకడం పిచ్చితనమే. ‘‘అన్నం చల్లారిపోతోంది’’ అని మా ఆవిడ రెండుసార్లు పిలిచింది.

తోటకూరని నేనిప్పుడు లెంగలెంగలా వండుతాను. ఉల్లిపాయ, టమాటా వేసి, కాస్త వేరుశనగ ముద్ద కలిపి. పామాయిలుకి మా ఆవిడ ఒప్పుకోదు, వేరుశనగ నూనెతోనే. మా పెద్దాడు అమెరికా నుంచి వచ్చినప్పుడు తిని, ‘‘బావుంది నాన్నా, ఏ రెస్టారెంట్లో చూశావు?’’ అన్నాడు. చెట్టు కింద రెస్టారెంట్లో అన్నాను.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది పాలమూరు. వాళ్ళావిడ సాయంత్రం సెల్లార్లో కట్టెలపొయ్యి మీద జొన్నరొట్టెలు కొడుతుంది. నేను వాకింగ్ నుంచి వచ్చే వేళకి రొట్టె మీద ఇంత కూర పెట్టి, ‘‘తినుండ్రి సారూ’’ అంటుంది. మొదట్లో మొహమాటానికి అందేమో, ఇప్పుడు నిజంగానే ఎదురుచూస్తుంది. పైనుంచి మా ఆవిడ కేకేస్తుంది, షుగరు మాత్ర వేసుకోకుండా ఏమిటా తిండి అని.

వేసుకుంటాను. ముందు తిననీ.